సగం కథలోని నగరాలు

మొగలాయి యుగంనాటి ఉత్తరభారత నగరాలను గురించి తెలిసికొనగోరేవారికి ఆధారాలకు కొదువ లేదు. కోటల కొలతలున్నవి, ఫర్మానులున్నవి, పాశ్చాత్య యాత్రికుల దినచర్యలు కావలసినన్ని ఉన్నవి. అబుల్ ఫజల్ అయితే తన 'ఐనే అక్బరీ'లో ధాన్యం ధరలతోపాటు కూలివాని దినవేతనం సయితం పట్టిక వేసి చూపినాడు. కాని ఆ కూలి చేతికి తీసుకొన్నవాడు ఏ సందుగుండా ఇల్లు చేరినాడో, దారిలో ఏమి కొని తిన్నాడో, పాదుషా మరణించినాడన్న వార్త వినవచ్చిన రాత్రి అతని ఇంటిలో తలుపు గడియలు ఎట్లా బిగించుకొన్నారో ఆ పట్టికలలో దొరకదు. ఆస్థాన చరిత్రకారుడు నగరాన్ని కోట బురుజుమీద నిలువబడి చూచినాడు. అక్కడినుంచి మేడల కప్పులు కన్పిస్తవి గాని వాటి క్రింది బ్రతుకు కన్పించదు.

ఆ బ్రతుకును జ్ఞాపకం పెట్టుకొన్నవాడు ఒకడున్నాడు. అతని పేరు బనారసీదాసు. శ్రీమాల శాఖకు చెందిన జైన వర్తకుడు, రత్నాల వ్యాపారం చేసి తరచుగా నష్టపోయినవాడు, కవి. 1641లో, ఆగ్రా నగరంలో, తన 55వ ఏట, దోహా చౌపాయీ ఛందస్సులలో 675 పద్యాలుగా తన జీవితకథను వ్రాసి దానికి 'అర్ధకథానక్' అని పేరు పెట్టినాడు. మనుష్యునికి నిండు ఆయువు 110 సంవత్సరాలని అతని లెక్క. అందులో సగం గడచినది గనుక ఇది సగం కథ. మిగిలిన సగం వ్రాసే అవకాశం అతనికి చిక్కలేదు. గ్రంథం ముగిసిన తరువాత అతడు ఎంతోకాలం జీవించలేదని పండితుల అభిప్రాయం. హిందీలో మనకు లభించిన మొట్టమొదటి ఆత్మకథగా దీనిని పరిగణిస్తున్నారు. ఇది మూడువందల ఏండ్లు వ్రాతప్రతులలోనే ఉండిపోయినది. ఆ మీదట 1943లో బొంబాయిలో నాథూరామ్ ప్రేమీ, ప్రయాగలో మాతాప్రసాద్ గుప్త, ఒకే సంవత్సరంలో వేరువేరుగా పరిష్కరించి ప్రకటించినారు. 1981లో ముకుంద్ లాఠ్ చేసిన ఆంగ్లానువాదంతో ఇతర దేశాలవారికీ తెలిసినది.

తన భాష మధ్యదేశపు పలుకుబడి అని బనారసీ ముందే చెప్పుకొన్నాడు. అది శుద్ధమైన కావ్యభాష కాదు. వ్రజభాషలో అంగడి మాటలు, పారసీక పదాలు, జమాఖర్చుల పరిభాష కలిసిపోయి ఉంటవి. అతడు తన్ను గురించి 'నేను' అనటం అరుదు. 'బనారసీ ఇట్లా చేసినాడు, బనారసీ మోసపోయినాడు' అంటూ ఎవరో పొరుగింటి కుర్రవాని ముచ్చట చెప్పినట్లు చెప్పుకొనిపోతాడు. ఆ దూరమే ఆ గ్రంథానికి రక్ష. తన మూర్ఖత్వాన్ని దాచిపెట్టవలసిన అవసరం అతనికి కలుగలేదు.

అతడు విక్రమ శకం 1643లో, అనగా క్రీ. శ. 1586-87లో, గోమతీనది ఒడ్డున జౌన్‌పూరులో పుట్టినాడు. ఫిరోజ్ షా తుగ్లక్ 1359లో నెలకొల్పిన ఆ పట్టణం, తరువాత శర్కీ సుల్తానులకు రాజధానియై, అతడు పుట్టేనాటికి ఆ వైభవం అస్తమించి నూరేండ్లు దాటినది. ఆ సంగతి వర్తకుని పిల్లవానికి పట్టలేదు. అతని జ్ఞాపకంలోని జౌన్‌పూరులో ఏడంతస్తుల మేడలున్నవి, 52 బజారులున్నవి, 52 మండీలున్నవి, 52 సరాయిలున్నవి. అన్నిటికీ ఒకే అంకె రావటం చూస్తే ఇది గణాంకం కాదు, పుట్టిన ఊరిమీది మమకారమని తెలిసిపోతుంది. కాని వెంటనే అతడు ఆ ఊరిలోని 36 వృత్తులవారిని పేరుపేరున లెక్కపెడతాడు. గాజుపనివారు, కుట్టుపనివారు, తమలపాకులమ్మేవారు, అద్దకపువారు, రాతిపనివారు, దూదేకేవారు, మిఠాయి చేసేవారు, కాగితాలు చేసేవారు, పట్టు నేసేవారు, చిత్రకారులు, ముత్యాలకు బెజ్జం వేసేవారు, లక్కపనివారు, ఇంటి కప్పులు నేసేవారు, పేలాలు వేయించేవారు, కత్తులకు సానపట్టేవారు, బాణసంచా కట్టేవారు - ఈ వరుసలో మమకారపు అంకెలు లేవు. ఇది వీధి వెంట నడచిన పిల్లవాడు కంటితో చూచి, చెవితో విని, ముక్కుతో వాసన పట్టిన జాబితా. ఒక నగరం ఎట్లా బ్రతికినదో దీనికన్న సూటిగా చెప్పే పుట ఆ శతాబ్దపు వాఙ్మయంలో దొరకటం కష్టం.

పిల్లవానికి మొదట పెట్టిన పేరు విక్రమాజీత్. ఆరేడు మాసాల శిశువును తల్లిదండ్రులు కాశీకి తీసుకొనిపోయి పార్శ్వనాథుని సన్నిధిలో ఉంచినారు. పూజారి కన్నులు మూసికొని కొంతసేపు ధ్యానం పట్టి, యక్షుడు తనకు కన్పించినాడనీ, పార్శ్వనాథుడు జన్మించిన పురం పేరే ఈ బిడ్డకు పెట్టుమన్నాడనీ చెప్పినాడు. ఆ విధంగా విక్రమాజీత్ బనారసీదాసు అయినాడు. పెద్దవాడైన తరువాత ఈ కథ వ్రాస్తూ బనారసీ, అది పూజారి పన్నిన మాయ అని చిరునవ్వుతో చెప్పివేస్తాడు. అయినా ఆ పేరును మాత్రం మార్చుకోలేదు. తన పేరే ఒక చిన్న మోసంలో పుట్టినదని తెలిసి కూడా దానిని ఆప్యాయంగా మోసిన మనిషి తక్కిన జ్ఞాపకాలనూ అట్లాగే మోసినాడు.

అయిదవ ఏట గ్రహణి పట్టుకొన్నది. అది తగ్గిందో లేదో మశూచి సోకినది. ఎనిమిదవ ఏట బడిలో వేసినారు. తొమ్మిదవ ఏట వివాహం నిశ్చయమైనది. తరువాత కరవు వచ్చినది. జనులు తిండిగింజలకు అల్లాడినారు. పదకొండవ ఏట ఖైరాబాదు పిల్లతో పెండ్లి జరిగినది. క్రొత్త కోడలు ఇంట అడుగు పెట్టిన దినాననే ఇంటిలో ఒక ఆడశిశువు పుట్టినది, ఆ దినాననే ఇంటి వృద్ధురాలు కన్నుమూసినది. ఒక చూరు క్రింద, ఒక పగటిలో, పురుడు, పెండ్లి, చావు. దీనిమీద వేదాంతం చెప్పటానికి ఏ కవికైనా ఇంతకు మించిన అవకాశం ఉండదు. బనారసీ రెండు మాటలలో సంగతి చెప్పి తరువాతి సంవత్సరానికి సాగిపోతాడు. ఉమ్మడి కుటుంబాల సందడిలో పెరిగినవారికి ఆ తొందర అర్థమవుతుంది. అటువంటి ఇండ్లలో దుఃఖానికి ప్రత్యేకంగా ఒక గది ఉండదు.

1598లో జౌన్‌పూరు అధికారి కిలీచ్ ఖాన్ ఊరిలోని రత్నాల వర్తకులనందరినీ పట్టి తెప్పించినాడు. అతడు అడిగిన విలువైన వస్తువు వారివద్ద లేదు. లేదన్నందుకు వారిని బంధించి కొరడాలతో చావగొట్టించి విడిచిపెట్టినాడు. ఆ రాత్రి నుంచే నగలవీధి ఖాళీ కాసాగినది. వర్తకులు భార్యాబిడ్డలతో తలా ఒక దిక్కుకు పారిపోయినారు. బనారసీ తండ్రి ఖరగసేనుడు కుటుంబంతో షాజాద్‌పూరు చేరేసరికి చీకటి, పైన కుంభవృష్టి. సరాయిలో తలదాచుకొన్నారు. ఖరగసేనుడు దుఃఖం పట్టలేక ఏడ్చినాడని కుమారుడు దాచకుండా వ్రాసినాడు. అప్పుడు ఆ ఊరి వర్తకుడు కరమ్‌చంద్ వచ్చి, తన ఇంటిని, పాత్రలతో, మంచాలతో, ధాన్యపు గాదెలతో సహా వారికి వదలి, తాను వేరొక చోటికి మారిపోయినాడు.

ఇక్కడ గమనింపదగినది ఒకటి ఉన్నది. అధికారి చేసిన క్రూరత్వానికి గ్రంథంలో ఎంత చోటు దొరికినదో కరమ్‌చంద్ ఇచ్చిన ఇంటికి కూడా అంత చోటు దొరికినది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లో చేసిన ప్రయాణాన్ని తెలిపే 'కాశీయాత్ర చరిత్ర'ను చదివిన తెలుగువారికి ఈ అలవాటు క్రొత్త కాదు. ఏ ఊరిలో దిగటానికి వసతి ఉన్నది, ఏ ఊరిలో లేదు అన్నది బాటసారి మరచిపోడు. పాలకులు మారవచ్చు, తల దాచుకొన్న చూరు మాత్రం మనస్సులో నిలిచిపోతుంది.

షాజాద్‌పూరులోనే పిల్లవాని మొదటి వ్యాపారం మొదలయినది. గవ్వలు కొని అమ్మి ఒకటి రెండు కాసులు మిగుల్చుకొనేవాడు. మొదటి సంపాదన తెచ్చి నాయనమ్మ చేతిలో పెట్టినాడు. ఆమె మురిసిపోయి దానితో మిఠాయి కొనిపించి, తమ కులం కొలిచే సతీదేవి పేర నివేదించి, పదిమందికి పంచినది. నలభై సంవత్సరాల తరువాత, వేల రూపాయల రత్నాలను చూచిన కండ్లతో, బనారసీ ఆ మిఠాయిని మరువలేదు. జీవితంలో అతనికి వచ్చిన నిఖార్సయిన లాభం అదొక్కటే కాబోలు.

కథలో అందరూ ఎరిగిన ఘట్టం అక్బరు మరణం. 1605 అక్టోబరులో అక్బరు ఆగ్రాలో కాలం చేసినాడు. ఆ వార్త జౌన్‌పూరు చేరినప్పుడు బనారసీ తన ఇంటి మెట్లమీద కూర్చొని ఉన్నాడు; వయస్సు పంతొమ్మిదేండ్లు. మాట చెవిని పడగానే తల తిరిగి మెట్లమీదనుంచి పడిపోయినాడు. నుదురు చిట్లి, ముంగిలి నెత్తురుతో ఎర్రబడినది. తల్లిదండ్రులు పరుగెత్తి వచ్చినారు. తల్లి గుడ్డ కాల్చి ఆ మసి గాయంలో అద్ది, ప్రక్క వేసి పడుకోబెట్టినది. ఇంటిలో ఈ గొడవ జరుగుతున్న సమయంలోనే బయట ఊరంతటా కోలాహలం లేచినది. అంగళ్ళు మూతపడినవి. ఇండ్లకు గడియలు పడినవి. ఉన్నవారు మంచి వస్త్రాలను, నగలను, రొక్కాన్ని నేలలో పూడ్చుకొన్నారు. మోటుబట్టలు కట్టి, కంబళ్ళు కప్పుకొని తిరిగినారు. ధనికుడెవరో పేద ఎవరో గుర్తుపట్టటం కష్టమయినది. పది దినాలు ఇట్లా గడచినవి. ఇంతలో ఆగ్రానుంచి ఉత్తరం వచ్చినది: అక్బరు 52 సంవత్సరాలు ఏలి గతించినాడు, కుమారుడు సలీము జహంగీరన్న పేర సింహాసనమెక్కినాడు, అంతటా క్షేమం. (అక్బరు ఏలినది అరకొరగా 50 ఏండ్లే. జౌన్‌పూరువారికి ఇక్కడ కూడా 52 అంకె తప్పలేదు.) ఊరు ఊపిరి పీల్చుకొన్నది. నేలలో పూడ్చినవి మరల పైకి వచ్చినవి.

ఆ పది దినాలలో ఒక్క దొంగ రాలేదు, ఒక్క దోపిడీ జరుగలేదు. బనారసీ ఆ సంగతి కూడా వ్రాసినాడు. భయపడినది ఊరకేనని తెలిసిన తరువాత కూడా భయాన్ని చిన్నబుచ్చలేదు. దానికి కారణం వెదకటానికి దూరం పోనక్కరలేదు. అయిదేండ్ల క్రితమే, 1600 ప్రాంతంలో, సలీము తండ్రిమీద అలిగి తూర్పు పరగణాలకు దండు నడపినప్పుడు, జౌన్‌పూరు అధికారి కోటను బిగించి ఊరి ద్వారాలు మూయించినాడు. ప్రజలు అడవులు పట్టి పోయినారు. బనారసీ కుటుంబం ఒక పల్లెలో తలదాచుకొన్నది. అక్బరు అవసానదశలో సలీమును తప్పించి అతని కుమారుడు ఖుస్రోను గద్దె నెక్కించాలని దర్బారులో కొందరు ప్రయత్నించిన సంగతి చరిత్రకారులెరిగినదే. మరుసటి సంవత్సరమే ఖుస్రో తిరుగుబాటు చేసినాడు. ఒక పాదుషా పోయి వేరొక పాదుషా నిలబడేవరకూ నడుమ గడిచే దినాలకు ఎవ్వరూ పూచీ లేరని ఆనాటి పట్టణవాసికి అనుభవపూర్వకంగా తెలుసు. అందుచేత ఆ యువకుని నుదుటి గాయాన్ని రాజభక్తి అని మాత్రమే చదివితే పొరపాటు. దానిలో రాజభక్తి లేకపోలేదు గాని, కొరడా దెబ్బలు తిన్న తండ్రి జ్ఞాపకం కూడా ఉన్నది.

గాయం మానిన తరువాత అతనికి వేరొక ఆలోచన వచ్చినది. ఒక యోగి ఇచ్చిన శంఖాన్ని కొంతకాలంగా శివుడన్న భావంతో రహస్యంగా పూజిస్తున్నాడు. తాను మెట్లమీదనుంచి పడినప్పుడు ఆ శివుడు ఎందుకు పట్టుకోలేదు? పూజ మానివేసినాడు. దీనికి ముందు ఒక సన్యాసి చేతిలో ఇంతకన్న ఘోరంగా మోసపోయినాడు. పాయిఖానాలో కూర్చొని సంవత్సరంపాటు ఒక మంత్రం జపిస్తే ఆ తరువాత ప్రతిదినమూ వాకిట్లో ఒక దీనారు పడి ఉంటుందని ఆ సన్యాసి చెప్పినాడు. సంవత్సరం నిష్ఠగా జపించినాడు. గడువు తీరిన ఉదయం స్నానం చేసి వచ్చి వాకిట్లో వెదకినాడు. దీనారు లేదు. ఒకనాడు తప్పు లెక్కించినానేమో అని మరునాడు కూడా వెదకినాడు.

యౌవనంలో శృంగార ప్రధానంగా వేయి పద్యాల కావ్యమొకటి వ్రాసినాడు. ఒక సాయంకాలం స్నేహితులతో గోమతి వంతెనమీద కూర్చొని ఆ వ్రాతప్రతి చదువుతూ, ఒక అబద్ధానికే నరకమైతే వేయి అబద్ధాలకు ఏ గతి అని తోచి, దానిని నదిలోకి విసరివేసినాడు. స్నేహితులు హాహాకారాలు చేసినారు. ఆకులు విడిపోయి లోతైన నీటిపాలయినవి. అక్బరు కాలంలో మునిమ్ ఖాన్ కట్టించిన ఆ వంతెన ఈనాటికీ జౌన్‌పూరులో నిలిచి ఉన్నది. కావ్యం పోయినది. వంతెన మీదుగా నడిచేవారిలో ఎందరికి ఆ సంగతి తెలుసునో!

1610లో తండ్రి కొన్ని మాణిక్యాలు, నీలాలు, పచ్చలు, కొంత నేయి, నూనె, జౌన్‌పూరు బట్టలు కలిపి 200 రూపాయల సరుకు అప్పగించి కొడుకును ఆగ్రాకు పంపినాడు. దారిలో ఇటావా దగ్గర రాత్రివేళ వాన కురిసినది. సరాయిని ఇద్దరు ఉమ్రావులు ఆక్రమించుకొన్నారు. బనారసీ, అతని తోటివారు బురదలో వీధివీధి తిరిగినారు. ఎవ్వరూ కూర్చొమ్మనలేదు. ఒక ఇంటి ఇల్లాలు జాలిపడి లోపలికి రమ్మన్నది. ఆమె భర్త వెదురుకర్ర తీసుకొని లేచినాడు. చివరకు కావలివారి గుడిసె ఒకటి దొరికినది. గడ్డి పరచుకొని పడుకొంటుండగా ఎవడో బలవంతుడు వచ్చి లేచిపొమ్మని గద్దించినాడు. వీరు మరల వానలోకి బయలుదేరగా వానికి ఏమి తోచినదో వెనుకకు పిలిచి ఒక గోనెపట్టా ఇచ్చినాడు. వాడు మంచంమీద పడుకొన్నాడు. వీరు ఆ మంచం క్రింద పడుకొన్నారు. మొగలాయి సామ్రాజ్యపు రాజమార్గాలను, సరాయిలను పొగడిన గ్రంథాలు అనేకం ఉన్నవి. ఆ పొగడ్తలో అబద్ధం లేదు. కాని సరాయి నిండిపోయిన రాత్రి వ్యవస్థ ఎట్లా ఉంటుందో ఆ మంచం క్రిందినుంచి చూచినవాడే చెప్పగలిగినాడు.

ఆగ్రాలో సరుకంతా హారతి కర్పూరంలా హరించుకొనిపోయినది. కొన్ని మణులు బొందులో ముడివేసుకొనగా జారిపోయినవి. గుడ్డలో కట్టి పెట్టినవాటిని ఎలుక గుడ్డతో సహా లాగుకొనిపోయినది. కొనినవాడు తిరిగి కన్పించలేదు. చేతిలో చిల్లిగవ్వ లేక ఇల్లు కదలటం మానివేసినాడు. సాయంకాలాలు 'మధుమాలతి', 'మృగావతి' కావ్యాలు గానం చేస్తూ చదివేవాడు. పదిమంది ఇరవైమంది వచ్చి కూర్చొని వినేవారు. ఆ రెండూ సూఫీ కవులు హిందవీలో వ్రాసిన ప్రేమకథలు. కుతుబన్ తన 'మృగావతి'ని 1503లో, మంఝన్ తన 'మధుమాలతి'ని 1545లో రచించినారు. దివాళా తీసిన జైన వర్తకుడు చదువగా బజారు జనులు వినిన ఆ సాయంకాలాలు ఆనాటి దేశభాషా వాఙ్మయం ఏ ఇండ్లలో, ఏ గొంతుకలతో బ్రతికినదో చూపిస్తవి. సాహిత్య చరిత్రలలో కవి పేరు, తేదీ ఉంటవి. వినినవారి లెక్క ఉండదు. ఇక్కడ అది ఉన్నది.

వినటానికి వచ్చినవారిలో ఒక కచోరీల అంగడివాడు ఉండేవాడు. బనారసీ అతనివద్ద దినదినమూ అప్పుమీద కచోరీలు తెచ్చుకొని తినేవాడు. ఒకనాడు ఎవ్వరూ లేని సమయం చూచి అతనితో నిజం చెప్పివేసినాడు: తనవద్ద పైకము లేదు, ఇకముందు అప్పు పెట్టవద్దు. అంగడివాడు, ఇరవై రూపాయలదాకా తినవచ్చుననీ, ఎవ్వరూ అడుగబోరనీ, ఎక్కడికి పోదలచినా పోవచ్చుననీ చెప్పినాడు. ఆరేడు మాసాలు ఆ విధంగా గడచినవి. తరువాత భాగస్వామ్య వ్యాపారంలో నాలుగు కాసులు చేతికి రాగా లెక్క చూస్తే 14 రూపాయలయినది, తీర్చివేసినాడు. ఆగ్రా అప్పటికి ప్రపంచంలోని మహానగరాలలో ఒకటి. దేశదేశాల సరుకు వచ్చేది, హుండీలమీద లక్షలు చేతులు మారేవి. ఆ మహావ్యాపారమంతా దేనిమీద ఆధారపడి నడచినదో తెలిసికొనదలచినవారు ఈ 14 రూపాయలను ముందుగా అర్థం చేసికోవాలి. అంగడివానికి తాకట్టు లేదు, పత్రం లేదు. ఎదుటివాడు తన దరిద్రాన్ని తానే ఒప్పుకొన్నాడు. అదే పూచీ అయినది.

సంపన్నుల ఇండ్లలో వ్యవహారం వేరు. భాగస్వామ్యం లెక్కలు తేల్చుకొనటానికి బనారసీ కొంతకాలం సబల్ సింగ్ అనే సాహుకారు ఇంటి చుట్టూ తిరిగినాడు. అక్కడ ఎప్పుడు చూచినా మద్దెల మ్రోత, తంబురాశ్రుతి, స్తుతిపాఠకుల పద్యాలు. లెక్కలు చూచే తీరిక మాత్రం ఆ సాహుకారుకు చిక్కేది కాదు. ఈ ఘట్టంలో బనారసీ ఎవ్వరినీ తిట్టలేదు. చదువరికి మాత్రం వేచి ఉన్నవాని కాళ్ళ నొప్పి తెలుస్తుంది.

1617 ప్రాంతంలో ఆగ్రాలో మహామారి పుట్టినది. ఒంటిమీద గడ్డ లేచేది. లేచిన మనిషి వెంటనే చచ్చిపోయేవాడు. ఎలుకలు కుప్పలుగా పడి చచ్చేవి. వైద్యులు సయితం చస్తుండగా జనులు అన్నం ముట్టటానికే భయపడినారు. బనారసీ సమీపంలోని పల్లెకు తరలిపోయి అది అణగినదాకా అక్కడనే ఉన్నాడు. ఈ తెగులును గురించి జహంగీరు కూడా తన స్వీయచరిత్రలో వ్రాసినాడు. ఆసఫ్ ఖాన్ కుమార్తె తన ఇంటిలో తూలుతూ తిరిగిన ఒక ఎలుకను, దానిని పట్టిన పిల్లిని చూచి, ఆ మీదట ఇంటిలో కలిగిన మరణాలను గురించి చెప్పిన వృత్తాంతాన్ని పాదుషా ఎంతో ఆసక్తితో పొందుపరచినాడు. పాదుషా విని వ్రాసినది, వర్తకుడు పారిపోయి వ్రాసినది ఎలుక దగ్గర కలుస్తున్నవి. ఎలుకలకూ ఈ తెగులుకూ గల సంబంధాన్ని శాస్త్రజ్ఞులు స్థాపించటానికి 1890ల దాకా పట్టినది.

బనారసీ జ్ఞాపకం ఎంత నమ్మదగినది? సంవత్సరం, మాసం, తిథి, ఒక్కొక్కచోట రూపాయి అణాలతో సహా చెప్పే ఈ అలవాటు చిట్టా ఆవర్జాలు వ్రాసే కులవృత్తి నుంచి వచ్చినది. ఆ మేరకు నమ్మవచ్చు. కాని చిట్టాలో ఎక్కని పద్దులు కూడా ఉన్నవి. పట్టణాలకు తిండి పెట్టిన సేద్యగాడు ఈ కథలో దాదాపుగా లేడు. స్త్రీలు ఉన్నారు గాని తెర వెనుకనుంచి మాత్రమే. మొదటి భార్య పేరు కన్న ఆమె పుట్టింటి ఊరి పేరే మనకు ఎక్కువగా వినబడుతుంది. అయినా కథలో అందరికన్న నిబ్బరంగల మనిషి ఆమె. ఆగ్రాలో సర్వం పోగొట్టుకొని బనారసీ ఖైరాబాదు వచ్చి, వ్యాపారం బాగున్నదని బొంకినప్పుడు ఆమె నమ్మలేదు. రాత్రి నిజం చెప్పించి, తాను దాచుకొన్న 20 రూపాయలు తెచ్చి చేతిలో పెట్టినది. అంతటితో ఊరుకొనక తల్లితో చెప్పి గుట్టుగా 200 రూపాయలు ఇప్పించినది. ఆ సొమ్ముతోనే అతడు మరల ఆగ్రా ముఖం చూడగలిగినాడు.

కొన్నేండ్లకు అతడు పరవూర ఉండగా ఇంటినుంచి ఉత్తరం వచ్చినది. కుమారుడు పుట్టినాడని, తల్లీబిడ్డా ఇద్దరూ మరణించినారని, మరదలిని అతనికి ఇచ్చి చేయటానికి మాట అయినదని ఆ ఒక్క కాగితంలోనే ఉన్నది. ఆ ఉత్తరం చదివిన క్షణాన్ని చెప్పటానికి బనారసీ కమ్మరి పట్టుకారును ఉపమానంగా తెచ్చినాడు. అది ఇప్పుడు నిప్పులో ఉంటుంది, మరుక్షణం నీటిలో ఉంటుంది. మూడు వివాహాలు జరిగినవి. ఏడుగురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు పుట్టినారు. తొమ్మండుగురూ పోయినారు. కథ వ్రాసేనాటికి ఇంటిలో భార్యాభర్తలిద్దరే మిగిలినారు.

అప్పటికి ఆగ్రాలో యమున ఒడ్డున ముమ్తాజ్ మహల్ సమాధి కట్టడం మొదలై తొమ్మిదేండ్లయినది. మక్రానానుంచి పాలరాళ్ళ బండ్లు వస్తూనే ఉన్నవి. నగరంలో ఆ ఉలుల చప్పుడు వినని చెవి ఉండి ఉండదు. 'అర్ధకథానక్'లో ఆ ప్రసక్తి లేదు. దాని బదులు గ్రంథం చివర, జమాఖర్చు తేల్చినట్లు, బనారసీ తన గుణాలను ఒక ప్రక్క, దోషాలను వేరొక ప్రక్క వ్రాసుకొన్నాడు. ఓర్పు ఉన్నది, పదిమందిని మెప్పించేటట్లు చదువగలడు, పరస్త్రీల జోలికి పోడు. లాభానికి పొంగుతాడు, నష్టానికి క్రుంగుతాడు, వేళాకోళం కోసం అబద్ధమాడుతాడు, ఒక్కొక్కప్పుడు కారణం లేకుండానే గుండెలో భయం పుడుతుంది. ఆ జాబితాలోనే వేరొక సంగతి ఉన్నది: ఇంటిలో ఎవ్వరూ లేని సమయం చిక్కితే లేచి నాట్యం చేస్తాడు.